తవిటయ్య నెత్తిన నేను

నేను ఒక ఇనప టోపీని. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. గూట్లో బోర్లించి ఉన్నాను కాబట్టి అట్లమూకుడు అనుకుంటారు. అంచు చుట్టూ తుప్పు, నడినెత్తిన ఒక సొట్ట, లోపల తోలు పట్టీ ఉండాల్సిన చోట గోనెగుడ్డ పీలిక. అయినా ఒకప్పుడు ఒక సిపాయి తలమీద కూర్చుని సముద్రం దాటినదాన్ని. ఆ గర్వం ఇంకా కొంచెం మిగిలే ఉంది. తుప్పు అన్నిటినీ తింటుంది గానీ దాన్ని మాత్రం ఆఖరికి అట్టేపెడుతుంది.

నేను పుట్టింది బొగ్గు నేలల పక్కన ఒక ఉక్కు కర్మాగారంలో. అక్కడ కరిగిన ఉక్కులో పెద్ద వాటా రైలు పట్టాలకి పోయింది, చిన్న వాటా రేకై మాకు మిగిలింది. అంచేత రైలు పట్టా నాకు అన్నగారి వరస. ఆయన నేలమీద పడుకుని లోకాన్ని మోస్తాడు. నేను మనిషి తలమీద కూర్చుని నన్నే మోయించుకుంటాను. పెద్దవాళ్ళకి బరువూ చిన్నవాళ్ళకి గారాబమూ ఎక్కడైనా ఉన్నదే. రేకుని అచ్చులో నొక్కే యంత్రం ఒక్క పోటు పొడిచేసరికి రేకునల్లా గిన్నెనయ్యాను. మట్టిరంగు పూసి, గడ్డం కింద కట్టుకోవడానికి పట్టీ వేసి, పెట్టెలో పేర్చి పంపేశారు. దారి పొడుగునా చీకట్లో, నా కిందికి ఎవరి తల వస్తుందా అని కలలు కన్నాను.

వచ్చిన తల పేరు తవిటయ్య. పార్వతీపురం అవతల కొండల మొదట్లో ఒక పల్లె అతనిది. ఆ వైపున పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూ ఉంటే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పొరుగింటావిడకి ఇచ్చేస్తారు. ఆవిడ చేటెడు తవుడు ఇచ్చి కొనుక్కుని, మళ్ళీ తల్లి చేతికే పెంచమని ఇస్తుంది. తవుడికి పోయిన ప్రాణం మనకెందుకులే అని యముడు పక్కకి చూస్తూ వెళ్ళిపోతాడని వాళ్ళ నమ్మకం. యముడి సంగతి నాకు తెలీదు గానీ, సైన్యం మాత్రం అలా పక్కకి చూడలేదు. ఒక సంతరోజున ఛాతీ కొలిచి, పళ్ళు చూసి, తవిటయ్యని బండెక్కించేసింది. మూడు పూటలా తిండి పెడతారంటే అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదట.

బర్మా అడవుల్లో నాతో వంద పనులు చేయించుకున్నాడు. నాలో నీళ్ళు కాచుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు, పప్పు వండుకున్నాడు, వాన పట్టుకున్నాడు. తలకాయ కాపాడటం ఆ వందలో ఒకటి. అడుగులు లెక్కపెడుతూ నడవడం అతనికి అక్కడే అలవాటయింది. వెయ్యి అడుగులైతే ఒక గులకరాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారేది. ఊరికి ఎంత దూరం వచ్చాడో ఆ రాళ్ళే తనకి చెప్తాయని అనుకునేవాడు. ఒకరోజు రెండు జేబులూ చాలక ఆ పిచ్చి లెక్క మానేశాడు.

ఒక మధ్యాహ్నం అతను కందకంలో కూర్చుని ఉండగా పక్కనే బాంబు పడింది. ఆకాశం ముక్కలై మట్టిగా కురిసింది. నేను అతని ముఖం మీదికి జారాను. ఆ పైన అంతా మన్ను. నా గుంతలో ఉన్నది నాలుగు దోసిళ్ళ గాలి, దాన్నే అతను కొంచెం కొంచెంగా పీల్చాడు. పైన పారల చప్పుడు వినపడేసరికి గంట దాటింది. ఆ గంటా అతను ఏదో మత్తులో చేటలో పడుకున్న బిడ్డలా ముడుచుకుని, తవుడు వాసనొస్తోంది అని గొణుగుతూనే ఉన్నాడు. అతని ఊపిరీ నా ఇనప వాసనా ఆ చీకట్లో ఎంతగా కలిసిపోయాయంటే, బయటికి తీశాక కూడా ఏది ఎవరిదో నాకు తేలలేదు. నా నెత్తిన ఉన్న సొట్ట ఆనాటిదే.

యుద్ధం అయిపోయింది. తవిటయ్య నన్ను ట్రంకుపెట్టె అడుగున పెట్టుకుని ఊరొచ్చాడు. పిరంగులు చూసొచ్చిన మొనగాడని ఊరంతా చెప్పుకుంది. ఆ మొనగాడు కుండమూత కింద పడినా చటుక్కున కూలబడిపోతున్నాడని ఎవరికీ తెలీదు. తన పెళ్ళి ఊరేగింపులో మందుగుండు కాల్చగానే అతను ఎడ్లబండి కింద దూరాడు. ఉంగరం జారిపోయిందని చెప్పి కాసేపు వెతికాడు. జనం పడీ పడీ నవ్వారు. పెళ్ళికూతురు పైడమ్మ ఒక్కతే నవ్వలేదు. వేలికి ఉంగరం ఉండటం ఆమె చూసింది.

తర్వాత ఆమెకి అంతా చెప్పేశాడు, కందకం సంగతీ, నా సంగతీ. ఆమె నన్ను పెట్టెలోంచి తీసి చింతపండు పెట్టి తోమి, ఎండలో ఆరబెట్టింది. ఆ మర్యాద చూసి నేను పొంగిపోయాను. నాలుగు రోజులు తిరక్కుండానే ఒక కోడిపెట్ట నాలో చేరి గుడ్లు పెట్టింది. పైడమ్మ దాన్ని తోలలేదు. ఇనప టోపీకి రాజ్యాలు నిలబెట్టడం కంటే పిల్లల్ని పొదగడం నయమని ఆమెకి తోచి ఉంటుంది. అప్పట్లో నాకు తలకొట్టేసినట్టయింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకి తోచిందే సబబు.

సైన్యంలో చేసి వచ్చాడని తవిటయ్యని రైల్వేలో గ్యాంగ్‌మాన్‌గా తీసుకున్నారు. నాలుగైదేళ్ళు గునపం వేసి కంకర కొట్టాక కీమాన్‌ని చేశారు. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే ఇనప చీలలు రైళ్ళ అదురుకి వదులైపోతుంటాయి. రోజూ తెల్లవారాక మొదటి బండి రాకముందే ఆ దారంట నడిచి, ఒక్కొక్క చీలనీ సుత్తితో తట్టి బిగించడం కీమాన్ పని. తట్టినప్పుడు పలికే తీరుని బట్టి ఏది గట్టిగా ఉందో, ఏది లూజో చెప్పగలగాలి. చప్పుడంటే అంత భయమున్నవాడికి ఆ సుత్తి చప్పుడు మాత్రం ప్రాణం. అది తను చేసే చప్పుడు, ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన చప్పుడు. బూట్లూ లేవు, తుపాకీ లేదు, మా అన్నగారి పక్కన అడుగులు లెక్కపెట్టుకుంటూ కొండగాలిలో నడిచిపోయేవాడు. ఇంట్లో గూట్లో ఉన్న నాకు ఆ ఠంగు ఠంగు దూరం నుంచి పట్టా వెంట పాకుతూ వచ్చి తగిలేది.

ఒక్కటే చిక్కు. కీమాన్ దగ్గర ఎర్రజెండాతో పాటు తగరపు డబ్బాలో పది పటాసులు ఉండాలి. ఇవి పెద్ద బిళ్ళల్లా ఉంటాయి, లోపల మందు, రెండు వైపులా వంచడానికి సీసపు చెవులు. దారిలో పట్టా విరిగితే, బండి వచ్చే వైపున చాలా ముందుగా పట్టామీద వీటిని బిగిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే ఢామ్మని పేలతాయి, డ్రైవరు బండి ఆపుతాడు. కళ్ళకి జెండా ఆననప్పుడు బండిని ఆపేవి అవే.

తవిటయ్య మొదటిరోజు వాటిని నడుముకి కట్టుకుని పది అడుగులు వేసి వెనక్కొచ్చేశాడు. పటాసులన్నీ గూట్లో పెట్టి, నన్ను తెచ్చి వాటిమీద బోర్లించాడు. ఉత్త డబ్బా నడుముకి కట్టుకుంటే డొల్లగా మోగుతోందని అందులో చుట్టలు పెట్టుకున్నాడు. పైడమ్మ కంటపడింది.

“ఏటి మావా, డబ్బానిండా సుట్టలే గదేటి! పటాసులేవి?”

“టోపీ కిందున్నాయి. నువ్వు ముట్టుకోకు.”

“నువ్వే ముట్టుకోవు, నానెందుకు ముట్టుకుంతాను?”

“ఎవులికీ సెప్పకు పైడీ. తెలిస్తే ఉజ్జోగం పోతాది.”

ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సిపాయి భయాన్ని కప్పి ఉంచే పని కూడా టోపీదే అనుకున్నాను. అలా ఆరేళ్ళు గడిచాయి. ఆరేళ్ళూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మనుషుల్ని పాడు చేస్తుంది. రోజూ తప్పిన ప్రమాదాన్ని లేని ప్రమాదం అనుకుంటారు వాళ్ళు.

ఆ పుష్యమాసం పొద్దుట మంచు దట్టంగా దిగింది. ఎదురుగా చెయ్యి చాస్తే వేళ్ళు కనపడవు. లోకం ఇంకా పూర్తిగా పుట్టనట్టుంది. తవిటయ్య సుత్తి తీసుకుని ఆ తెల్లదనంలోకి నడిచి మాయమయ్యాడు. ఠంగు ఠంగు కాసేపు వినబడింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది.

అక్కడ జరిగింది నేను చూడలేదు, తర్వాత అతను పైడమ్మకి వందసార్లు చెప్పగా విన్నాను. గెడ్డ అనే కొండవాగు మీది వంతెనకి ఇవతల సుత్తి వేస్తే పట్టా పగిలిన కుండలా పలికిందట. ఒంగి తడిమితే చలికి పట్టా విరిగి, రెండు వేళ్ళు దూరేంత ఖాళీ. పొద్దుటి పాసింజరు వచ్చే వేళయింది. ఆ మంచులో ఎర్రజెండా ఎత్తితే తనకే కనపడలేదు. నడుము దగ్గర డబ్బా మూత తీశాడు. రెండు చుట్టలున్నాయి.

బండి వచ్చేది మా ఇంటి వైపు నుంచే. ఇంటికి పద్దెనిమిది వందల అడుగులు. లెక్కపెడుతూ పరుగెత్తాడు. గుమ్మంలోకి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు.

“పైడీ! గెడ్డ కాడ పట్టా ఇరిగిపోనాది! బండి ఒచ్చెత్తాది!”

పైడమ్మ పొయ్యి ముందు కూర్చుని అడ్డపొగ తాగుతోంది. వాళ్ళ వైపు ఆడవాళ్ళు చుట్టని నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతారు. ఆమె చుట్ట తీయకుండానే దిగ్గున లేచింది. “మరి పటాసులట్టుకెల్లు మావా, బేగి!”

అతను గూటి దగ్గరకొచ్చి నన్ను ఎత్తాడు. పదీ అక్కడే ఉన్నాయి. చెయ్యి ముందుకి వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చేసింది. రెండో చేత్తో నన్ను గుండెకి అదుముకున్నాడు.

“నా వల్ల కాదే. అయి పేలితే నాను మల్లీ మన్ను కిందకెల్లిపోతాను.”

“నాకు పెట్టడం రాదు గదా మావా. బండినిండా జనముంతారు. సంతకెల్లే ఆడోలుంతారు, సంకలో బిడ్డలుంతారు. నువ్వే పెట్టాల.” ఆమె పటాసులన్నీ కొంగులోకి దూసుకుంది. నన్ను అతని చేతిలోంచి లాక్కుని నెత్తిన పెట్టి, పట్టీ బిగించింది. “గంటసేపు మన్ను కింద నిన్ను కాసింది గదా. గడియసేపు ఇప్పుడు కాయదేటి?”

నన్ను అంత మాట అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. అతని తలని నాకు చేతనైనంత గట్టిగా పట్టుకున్నాను.

బండి వచ్చే వైపుకి ఇద్దరూ పరుగెత్తారు. మంచులో అతను పైకే లెక్కపెడుతున్నాడు. ఎనిమిది వందల అడుగులకి ఆగి మోకాళ్ళమీద కూలబడ్డాడు. కింద మా అన్నగారు అప్పటికే సన్నగా మూలుగుతున్నారు, అంటే బండి స్టేషను దాటేసింది. “ఒకటియ్యి” అన్నాడు. పైడమ్మ కొంగులోంచి తీసి అరచేతిలో పెట్టింది. వేళ్ళు కొంకర్లు పోతున్నా చెవులు రెండూ పట్టాకి చుట్టి వంచాడు. పది అడుగులు వేసి ఇంకోటి. ఇంకో పది అడుగులు వేసి ఇంకోటి. ఈ హడావిడిలో ఇద్దరికీ తోచని సంగతి ఒకటుంది. నోట్లో నిప్పు, కొంగులో మందు పెట్టుకుని ఆమె అంత దూరం పరుగెత్తుకొచ్చింది. నేను చూశాను గానీ, నాకు నోరుంటే కదా!

పక్కకి వెళ్ళిపోవాలని ఇద్దరికీ తెలుసు. నాలుగు అడుగులు వేశాక అతను కట్టవాలున కూర్చుండిపోయాడు. పైడమ్మ అతని ముందు నిలబడి, నన్ను రెండు వైపులా అరచేతులతో అదిమిపట్టి, ఆ తలని తన కడుపుకి ఆనించుకుంది. మంచు బరువుగా అదిరింది.

మొదటిది పేలింది. నాలో మోగిన మోత అతని చెవుల్లోకి పోకుండా ఆపగలిగినంత ఆపాను. రెండోది పేలింది. మూడోది పేలినప్పుడు అతను “తవుడు వాసనొస్తంది” అని గొణిగాడు. “అది నా సుట్ట వాసన మావా” అంది ఆమె. ఆ పైన ఇనుము ఇనుముని పట్టుకుని కీచుమంటూ ఈడ్చుకుపోయింది. ఇంజను మంచులోంచి నల్లగా తోసుకొచ్చి, మమ్మల్ని దాటి, మా ఇల్లు కూడా దాటకుండానే ఆగిపోయింది. కిటికీల్లోంచి ఆకుకూరల గంపలూ, నిద్రముఖాలూ, ఒక పసిపిల్ల చెయ్యీ కనిపించాయి. అవి కాసేపు మంచులో తేలుతున్నట్టే ఉన్నాయి.

తవిటయ్య లేచి నిలబడ్డాడు. డ్రైవరు దిగి వస్తుంటే నా అంచుకి చెయ్యి ఆనించి సలాము కొట్టాడు. బర్మాలో కూడా అంత నిటారుగా కొట్టగా నేను చూడలేదు.

రెండు రోజులకి ఇనస్పెక్టరు వేంకోబరావు గారు ట్రాలీ మీద వచ్చారు. పొగడటానికే వచ్చారాయన. అడుగులు కొలుచుకుంటూ ఉండగా ఆయన నుదురు ముడిపడింది. “పట్టా విరిగింది అక్కడ. నువ్వు ఇంటిదాకా పరుగెత్తుకొచ్చి, ఆ తర్వాత పటాసులు పెట్టావు. నడుముకే ఉంటాయి కదా, ఇంటికెందుకు వెళ్ళావు?”

గ్యాంగు మేస్త్రి గవరయ్య అడ్డుపడ్డాడు. “మంచుకి తడిసిపోనాయి బాబూ. పొడియి తెద్దావని…”

“కాదు బాబూ” అన్నాడు తవిటయ్య. డబ్బా మూత తీసి చూపించాడు. “ఆరేల్ల నించీ ఇందులో ఇయ్యే ఉన్నాయి. పటాసులు మొయ్యలేకపోనాను. పేలుడంటే నాకు బయం.”

వేంకోబరావు గారు ఆ చుట్టల్ని చూసి, రాసుకునే పుస్తకం తెరిచారు. “ఇది రాయకపోతే రేపు ఇంకొకడు ఇలాగే చేస్తాడు. రాస్తే, నువ్వు చేసిన మంచి ఎవరు చూస్తారు?” అని తనలో తనే అనుకున్నట్టు అన్నారు. చివరికి రెండూ రాశారు.

నెల తిరిగేసరికి రెండు కవర్లు ఒకేరోజు వచ్చాయి. ఒకదాంట్లో, బండెడు జనం ప్రాణాలు కాపాడినందుకు ప్రశంస. రెండోదాంట్లో, అదే జనం ప్రాణాల మీదికి తెచ్చినందుకు కీమాన్ పని తీసేసి మళ్ళీ గ్యాంగ్‌మాన్‌గా వేస్తున్నామని ఉత్తరువు. కింద సంతకం ఒకరిదే. మనుషుల కాగితాలు చదివి నవ్వుకోవడం నాకు అలవాటే గానీ, ఆ రోజు నవ్వు రాలేదు. రెండూ నిజమే మరి. తవిటయ్య సుత్తీ మిగిలిన పటాసులూ అప్పగించి వచ్చి, కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అటూ ఇటూ తిరిగాడు. పైడమ్మ ఆ రెండు కాగితాలూ కలిపి మడిచి నా కింద పెట్టింది.

ఆ తర్వాత ఏళ్ళు రైళ్ళలాగే పోయాయి. అతను రిటైరయ్యాక పట్టాలకి కూతవేటు దూరంలో గుడిసె వేసుకున్నారు. పొద్దుటే అరుగు మీద కూర్చుని, కొత్త కీమాన్ సుత్తి వేస్తుంటే చెవి ఒగ్గి వినేవాడు. “అది లూజు” అనేవాడు. కాసేపటికి అక్కడే రెండోసారి సుత్తి పడేది. అప్పుడు అతని ముఖం చూడాలి. ఎక్కడైనా టపాకాయ పేలితే పైడమ్మ చేసే పని చేస్తూనే వచ్చి, అతనికీ ఆ చప్పుడుకీ మధ్య నిలబడేది.

ఒక మాఘమాసం పొద్దుట అతను అరుగు మీదే గోడకి ఆనుకుని వెళ్ళిపోయాడు. సుత్తి చప్పుడు వింటూనే పోయాడు. ఆమె నన్ను తెచ్చి అతని ఛాతీ మీద పెట్టింది. కింద ఊపిరి లేదు. అంత ఖాళీ నాకు ఎప్పుడూ తెలీదు.

గవరయ్య మేస్త్రి అప్పటికే కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇద్దరు గ్యాంగువాళ్ళని వెంటబెట్టుకుని, చేతిలో పటాసుల డబ్బాతో వచ్చాడు. రైలు మనిషి పోతే పట్టామీద పటాసులు పేల్చి సాగనంపడం వాళ్ళ మర్యాద.

“తుపాకులు పేల్చడానికి ఈడికి పెద్ద బిరుదుల్లేవు అప్పా. మనవేనా పేల్చాల. బండొచ్చే ఏలయినాది, పది పెట్టిస్తాను.”

“ఒద్దు” అంది పైడమ్మ.

“బతికున్నప్పుడు బయపడినాడు, నిజవే. సచ్చిపోయినోడికి బయవేటప్పా?”

“సచ్చిపోయినాడని నీకెవులు సెప్పినారు, నా ఇంట్లో ఇంకా ఉన్నాడు” అంది ఆమె. “నలబయ్యేల్లు సప్పుడుకి అడ్డంగా నానే నిలబడినాను అన్నా. ఇయాలొక్కరోజు మీరు నిలబడండి. డప్పులొద్దు, టపాకాయలొద్దు. బండిని కూత కూడా ఎయ్యొద్దనండి.”

గవరయ్య డబ్బాని లుంగీ మడతలో దాచేశాడు. పచ్చజెండా పట్టుకుని పట్టాల పక్కన నిలబడి, నెమ్మదిగా పైకీ కిందికీ ఊపాడు. జాగ్రత్తగా పొమ్మని డ్రైవరుకి అది గుర్తు. గ్యాంగువాళ్ళు కూత వద్దని నోటికి చెయ్యి అడ్డం పెట్టి చూపించారు.

బండి వచ్చింది. ఎప్పుడూ గుడిసె దగ్గరికి రాగానే వేసే కూత వెయ్యలేదు. మనిషి నడిచినంత మెల్లగా, అతుకు అతుక్కీ ఒక చిన్న టక్కు మాత్రం చేస్తూ, పెట్టె వెంట పెట్టె దాటిపోయింది. గ్యాంగువాళ్ళు తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ఆఖరి పెట్టె పోయాక కూడా మా అన్నగారు కాసేపు సన్నగా పాడి, ఊరుకున్నారు.

పైడమ్మ అతని చెవి దగ్గరికి ఒంగింది. “ఎల్లిపోనాది మావా. ఏటీ పేల్లేదు” అంది. మగవాళ్ళు వచ్చి ఎత్తుకునే ముందు నన్ను తీసి కొంగులో పెట్టుకుంది.

ఇప్పుడు నేను ఆమె గూట్లో ఉన్నాను. నా కింద ఆ రెండు కాగితాలూ, ఆ పాత తగరపు డబ్బా ఉన్నాయి, డబ్బాలో అతను తాగకుండా వదిలేసిన రెండు చుట్టలున్నాయి. ఆమె రోజూ పొద్దుట నన్ను ఎత్తి చూసి, వాటిని ముట్టుకోకుండా మళ్ళీ బోర్లిస్తుంది. దేనికి కాపలా కాస్తున్నానో ఆమె చెప్పలేదు. నేను సిపాయి టోపీని, అడగను.